అడవి మధ్య పాత ఇల్లు: ధర తగ్గించినా అమ్ముడుపోని ఒక కేసు

దక్షిణ ఇంగ్లండ్‌లో పాతకాలపు పల్లె ఇళ్లు అమ్మిపెట్టడం నా వృత్తి. చదివింది సర్వేయింగ్, చేస్తున్నది ఏజెంట్ పని. ఇల్లు అమ్ముడుపోకపోతే అందరూ ముందు ధర మీదే పడతారు. ఈ ఇంటికి రెండుసార్లు ధర తగ్గించారు. తగ్గించినకొద్దీ వచ్చేవాళ్లకి అనుమానం పెరిగింది తప్ప బేరం కుదరలేదు. అసలు అడ్డం ఎక్కడుందో వెతికిన క్రమం ఇలాంటి ఇళ్లు అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను. అమ్మినావిడ అనుమతి ఉంది. ఊరి పేరు చెప్పడం లేదు, కొలతలూ అంకెలూ కొంత మార్చాను.

ఇల్లు, చుట్టూ ఉన్న తోట

ససెక్స్, కెంట్ కౌంటీల్లో విస్తరించిన హై వీల్డ్ ప్రాంతం అది. ఇసుకరాతి గుట్టలు, వాటి మధ్య లోతుగా కోసుకుపోయిన వాగులు, చెస్ట్‌నట్ తోపులు. నేలలో ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి రోడోడెండ్రాన్లు, అజేలియాలు, కమీలియాలు వంటి పూలపొదలు ఇక్కడ ఏపుగా పెరుగుతాయి. 1848, 1849ల్లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ సిక్కిం కొండల్లో తిరిగి లండన్‌లోని క్యూ తోటకు విత్తనాలు పంపాక, హిమాలయ రోడోడెండ్రాన్లు పెంచడం ఇంగ్లిష్ సంపన్నులకు పెద్ద మోజు అయింది. ఆ మొక్కలకు పెద్ద చెట్ల నీడ, చల్లదనం కావాలి. అందుకే అడవిలోనే బాటలు వేసి, చెట్ల కింద పూలపొదలు నాటి, దాన్నే తోటగా మలిచే పద్ధతి బలపడింది. బ్రోచర్లలో "ఉడ్‌ల్యాండ్ గార్డెన్" అని కనిపించేది ఇదే.

ఇంట్లో ఒక భాగం 17వ శతాబ్దంలో ఓక్ కలప చట్రంతో కట్టింది. రెండో భాగం 1900 తర్వాత చేర్చింది. పై అంతస్తు గోడలకు కూడా ఎర్ర పెంకులు వేలాడదీసి ఉంటాయి, ఆ ప్రాంతపు రివాజు అది. గ్రేడ్ టూ లిస్టెడ్ బిల్డింగ్, అంటే చారిత్రక కట్టడంగా నమోదైన ఇల్లు, అనుమతి లేకుండా దాని రూపు మార్చకూడదు. మొత్తం 11 ఎకరాలు. ఇల్లూ పచ్చికా రెండెకరాలు పోతే మిగతాదంతా చెట్లే. రోడ్డు మీంచి ఇల్లు కనపడదు. పక్క రైతు పొలంలోంచి వెళ్లే మట్టిబాటే దారి. తోట ఒక మూల నుంచి ప్రజలు నడిచే కాలిబాట కూడా ఒకటి పోతుంది. దాని మీద నడవడం చట్టప్రకారం అందరి హక్కు, యజమాని ఆపలేడు.

1987 అక్టోబరు 15 రాత్రి వచ్చిన పెనుగాలికి దక్షిణ ఇంగ్లండ్‌లో దాదాపు కోటిన్నర చెట్లు కూలాయి. ఈ తోట కూడా దెబ్బతింది. పెద్ద చెట్లు పడిన ఖాళీల్లో ఎవరూ తిరిగి నాటలేదు. ఆ జాగాను రోడోడెండ్రాన్ పాంటికమ్ అనే రకం ఆక్రమించింది. పాతకాలంలో మేలురకం రోడోడెండ్రాన్లను ఎక్కువగా ఈ పాంటికమ్ వేరు మీదే అంటుకట్టేవారు. పట్టించుకోకపోతే అడుగు నుంచి వచ్చే పిలకలు పై మొక్కను మింగేస్తాయి. ఇక్కడ అదే జరిగింది. మే నెలలో కొండంతా ఊదారంగు పూలు, ఫొటోలకు బ్రహ్మాండం. కానీ వాటి కింద గడ్డిపోచ మొలవదు, పాత బాటలన్నీ మూసుకుపోయాయి.

ఇంటావిడకు ఎనభై దగ్గర పడ్డాయి. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. కూతురి ఊళ్లో చిన్న ఇంటికి మారాలని ఆవిడ కోరిక.

నా దగ్గరికి వచ్చేసరికి

ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడాది దాటింది. మొదట చెప్పిన ధర పదిహేడున్నర లక్షల పౌండ్లు. తర్వాత పదహారున్నర, ఆ తర్వాత పదిహేను. ఈలోగా రెండు బేరాలు కుదిరి చెడ్డాయి.

ఇక్కడి పద్ధతి మన దగ్గరిలా ఉండదు. మనవాళ్లు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే ఇద్దరికీ ఒక కట్టుబాటు వస్తుంది. ఇంగ్లండ్‌లో ఆఫర్ ఒప్పుకున్నాక కూడా, సొలిసిటర్లు, అంటే ఇరుపక్షాల లాయర్లు, కాగితాలన్నీ చూసి, సంతకాలైన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునేదాకా ఎవరైనా వెనక్కి పోవచ్చు. మామూలుగా పది శాతం డిపాజిట్ కట్టేది కూడా అప్పుడే. ఈ మధ్యకాలం నెలల తరబడి సాగుతుంది. కొనేవాడికి అనుమానాలు పుట్టేది, బేరాలు చచ్చిపోయేది అక్కడే. ఈ ఇంటికి ఆఫర్లు రాకపోవడం సమస్య కాదు, వచ్చిన ఆఫర్ ఆ నెలలు దాటలేకపోతోంది. ధర తగ్గిస్తే ఆఫర్ రావచ్చు గానీ ఆఫర్ నిలబడుతుందని ఏముంది?

అందుకని వెంటనే ప్రకటన వేయలేదు. వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారో ముందు తెలుసుకోవాలనుకున్నాను. పాత ఏజెంటు ఫైల్లో రెండు బేరాలకూ "మనసు మార్చుకున్నారు" అని ఒకే మాట ఉంది. రెండోసారి వెనక్కి పోయిన దంపతులు డాక్టర్లు, మన తెలుగువాళ్లే. ఇంటావిడను అడిగి, సొలిసిటర్ ద్వారా కబురు పెడితే ఆయన ఫోన్ చేశారు.

"ఇల్లు మా ఆవిడకి చాలా నచ్చిందండీ," అన్నారు. "పాములుంటాయేమోనని మా అత్తగారు భయపడ్డారు గానీ దానికోసం మానుకోలేదు. ఆ చెట్లకి ఏడాదికి ఎంత ఖర్చవుతుందని ఎంతమందిని అడిగినా ఒక్కరూ అంకె చెప్పలేదు. దారిన పోయేవాళ్ల మీద చెట్టు పడితే బాధ్యత నాదేనా అంటే, అవునూ కాదూ అన్నట్టు చెప్పారు. ఇల్లు ఎలా ఉందో పరీక్షించి రాసిన సర్వే రిపోర్టు చూస్తే పేజీకో చోట 'మరింత పరిశీలన అవసరం' అని ఉంది. ఎంతవుతుందో తెలియకుండా ఎలా సంతకం పెడతామండీ?"

ఈ కేసులో నాకు దొరికిన మొదటి ఆధారం ఇదే. ఆయనకు డబ్బు సమస్య లేదు. రెండు లక్షలు తగ్గిస్తే పోయే భయమూ కాదది, ఎందుకంటే భయం ఎంత పెద్దదో ఆయనకే తెలియదు. జనం ఇలాంటి ఇంటికి వచ్చేది చెట్లను, ఏకాంతాన్ని చూసి. సొలిసిటర్ ఉత్తరాలు మొదలయ్యాక వాళ్లకు నిద్రపట్టకుండా చేసేవీ అవే చెట్లు.

అప్పటిదాకా చేసినవి ఎందుకు పనిచేయలేదు

పాత బ్రోచరులో అన్నీ మే నెల ఫొటోలు. డ్రోన్‌తో తీసిన ఊదారంగు కొండ. కాలిబాట ఊసే లేదు. కొనేవాళ్లు రెండోసారి చూడ్డానికి వచ్చినప్పుడు కుక్కతో నడుచుకుంటూ పోతున్న ఎవరో ఎదురయ్యేవారు. "పూర్తి ఏకాంతం" అని రాసిన ఇంట్లో ఆ ఒక్క దృశ్యంతో మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది. పైగా, కొనేవాడి నిర్ణయాన్ని మార్చగల విషయం దాచడం ఏజెంటుకు చట్టరీత్యా తప్పు. 2008 నాటి వినియోగదారుల నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2024 చట్టంలోనూ ఇది ఉంది.

అడవిని విడిగా అమ్మితే ఇల్లు తేలిక అవుతుందని కుటుంబంలో ఒకరు సూచించారు. స్థానికంగా వాకబు చేస్తే, వారాంతాల్లో గుడారం వేసుకోవడానికి చిన్నచిన్న అడవి ముక్కలు కొనేవాళ్లు దొరుకుతారని తేలింది. అందుకే వద్దన్నాను. కిటికీలోంచి కనపడే చెట్లు పరాయివాళ్లవైతే ఆ ఇంటికి ఉన్న విలువే పోతుంది. షరతులు రాసుకోవచ్చు, కానీ అవి అమలు చేయించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాల్సింది కొత్త యజమాని.

ఇంకొకాయన మాత్రం మంచి ధరే ఇస్తానని వచ్చాడు. ఆయన లెక్కంతా స్టాంప్ డ్యూటీ మీద. 2025 ఏప్రిల్ తర్వాతి రేట్లతో, వేరే ఇల్లు లేనివాడు 16 లక్షల పౌండ్ల ఇల్లు కొంటే కట్టాల్సింది 1,05,750 పౌండ్లు. అదే ఆస్తిలో కొంత నివాసేతర భూమి అని చూపించగలిగితే 69,500 మాత్రమే. అడవిని ఒక కలప వ్యాపారికి నామమాత్రపు లీజుకిచ్చి తక్కువ రేటు అడగాలని ఆయన ఆలోచన. చట్టంలో "తోట లేదా ఇంటి ఆవరణ" అన్నది చాలా విశాలమైన మాట. ఇలాంటి స్టాంప్ డ్యూటీ తగాదా అయిన హైమన్ కేసులో అప్పీల్ కోర్టు 2022లో, ఇల్లు అనుభవించడానికి ఆ భూమి అవసరమా అన్న కొలత పెట్టక్కర్లేదని తేల్చింది. పెరడు పెద్దదైనంత మాత్రాన, అందులో అడవి ఉన్నంత మాత్రాన అది నివాసేతరం అయిపోదు. అసలు వాణిజ్య వాడకం ఉంటే వేరే మాట, ఇక్కడ అది లేదు. ఆయన సొలిసిటరే ఒప్పుకోలేదు, ఆఫర్ వెనక్కి పోయింది. పన్ను మిగులు మీద నిలబడ్డ ఆఫర్‌ను ఎంత పెద్దదైనా నేను గట్టిదిగా లెక్కపెట్టను.

ఇల్లు అమ్మకం నుంచి తీసేశాం

ఇంటావిడకు ఇది నచ్చలేదు. వేసవి వస్తోంది, పూలు పూస్తాయి, ఇప్పుడు తీసేయడమేమిటని. నా వాదన ఇది: కొనేవాడి సొలిసిటర్ అడగబోయే ప్రశ్నలన్నీ మనకు ముందే తెలుసు. వాటికి జవాబులు లేకుండా మూడో బేరం కుదుర్చుకుంటే, నాలుగు నెలల తర్వాత మళ్లీ ఇక్కడే కూర్చుంటాం. ఆ వయసులో మరో చలికాలం ఆ ఇంట్లో ఒంటరిగా గడపడం ఆవిడకు మంచిది కాదని నాకూ తెలుసు. అయినా జవాబులు సిద్ధం చేయడమే దగ్గరి దారి అనిపించింది. కూతురితో మాట్లాడుకుని ఆవిడ ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా చిక్కుముడి లిస్టెడ్ బిల్డింగ్ అనుమతిది. వంటగదిలో ఒక గోడ తీసేసి ఉంది. వెనకవైపు రెండు కిటికీలకు ప్లాస్టిక్ చట్రాలున్నాయి. రెండూ ఆవిడ కొనకముందు యజమాని చేసినవి, దేనికీ అనుమతి కాగితం లేదు. మామూలు ఇళ్లలో అనుమతి లేని మార్పులకు కొన్నేళ్లు గడిస్తే స్థానిక కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) చర్య తీసుకునే గడువు దాటిపోతుంది. లిస్టెడ్ ఇళ్లకు ఆ గడువు లేదు. 1990 చట్టం ప్రకారం అనుమతి లేకుండా చేయడం నేరం. ఆ నేరం చేసినవాడిదే, కానీ సరిచేయమనే నోటీసు మాత్రం ఇప్పుడెవరు యజమాని అయితే వాళ్లకే వస్తుంది. ఇంటావిడ మీద క్రిమినల్ భయం లేదు. కొనేవాడికి మాత్రం ఆ బరువు బదిలీ అవుతుంది.

దారులు రెండు. ఒకటి, కౌన్సిల్ చర్య తీసుకుంటే నష్టం భరించే ఇండెమ్నిటీ బీమా పాలసీ. చవక, త్వరగా అయిపోతుంది. రెండోది, చేసిన పనికి ఇప్పుడు అనుమతి అడగడం. ఇందులో వరుసక్రమం ముఖ్యం. కౌన్సిల్‌తో ఒకసారి మాట్లాడితే బీమా కంపెనీ సాధారణంగా పాలసీ ఇవ్వదు. కాబట్టి దారి ఎంచుకునేదాకా ఎవరూ కౌన్సిల్‌కు ఫోన్ చేయొద్దని అందరికీ చెప్పాను. ముందు పాత కట్టడాలు తెలిసిన ఒక కన్సల్టెంటును ప్రైవేటుగా పిలిచి చూపించాం. తీసేసిన గోడ తాలూకు ఆనవాళ్లు చూసి, అది 17వ శతాబ్దపు గోడ కాదు, ఇరవయ్యో శతాబ్దంలో అడ్డంగా కట్టిన పలచని పార్టిషన్ అని ఆయన నిర్ధారించారు. అనుమతి వచ్చే అవకాశం బాగా ఉంది. కిటికీలకు మాత్రం రాదు, మార్చాల్సిందే.

బీమా పాలసీ డబ్బు నష్టాన్ని పూడుస్తుంది గానీ తప్పును ఒప్పు చేయదు. కొత్త యజమాని రేపు వంటగది మార్చడానికి దరఖాస్తు పెడితే పాత సంగతంతా బయటికొస్తుంది. ఈ రకం ఇల్లు కొనేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒకటి మార్చాలనుకునేవాళ్లే. అందుకని అనుమతి అడిగాం, గోడకూ, ప్లాస్టిక్ కిటికీల స్థానంలో ఓక్ కిటికీలు పెట్టడానికీ కలిపి. ఎనిమిది వారాల్లో చెప్పాలన్నది నిబంధన. కొంచెం ఆలస్యమైనా వచ్చింది. అనుమతి వచ్చిన రోజు నుంచే అది చెల్లుతుంది, పాత నేరాన్ని చెరిపేయదు. కానీ కొనేవాడికి కావాల్సిన నిశ్చింత దొరికినట్టే. గోడ నిజంగా పాతదై ఉంటే మాత్రం వేరే సలహా ఇచ్చేవాణ్ని.

సెప్టిక్ ట్యాంకు విషయంలో ఆలోచించడానికేమీ లేదు. నీళ్లు వాగులోకి పోతున్నాయి. 2020 జనవరి 1 నుంచి ఇంగ్లండ్‌లో సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకి వదలకూడదు. కొత్త శుద్ధి ప్లాంటు పెట్టించాం. "ఆ ఖర్చు ధరలో తగ్గిద్దాం, వాళ్లే పెట్టుకుంటారు" అన్నారు కుటుంబసభ్యులు. కొనేవాడు ఊహించుకునే ఖర్చు అసలు ఖర్చుకు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, పైగా చట్టం ప్రకారం అప్పటిదాకా తప్పు మనదే.

చెట్ల లెక్క

మట్టిబాట పొడవునా, కాలిబాట పక్కనా ఉన్నవి ఎక్కువగా యాష్ చెట్లు. వాటికి యాష్ డైబ్యాక్ అనే శిలీంధ్ర తెగులు పట్టింది. బ్రిటన్‌లో 2012లో మొదటిసారి నిర్ధారించారు, ఇప్పుడు దేశమంతటా ఉంది. తెగులు ముదిరిన చెట్టు పెళుసవుతుంది, కోతపనివాడు ఎక్కలేడు, యంత్రం తేవాలి. అంటే వాయిదా వేసినకొద్దీ ఖర్చు పెరిగే పని.

చెట్ల నిపుణుణ్ని జూలైలో పిలిపించాం. ఆకులు ఎంత రాలిపోయాయన్నదాన్ని బట్టే తెగులు తీవ్రత అంచనా వేస్తారు కాబట్టి నిండు వేసవిలోనే చూడాలి. 11 ఎకరాల్లో ప్రతి చెట్టూ చూడక్కర్లేదని ముందే అనుకున్నాం. పడితే మనిషికో, బండికో, ఇంటికో తగిలే చెట్లు మాత్రమే. అలా చూస్తే పరీక్షించాల్సినవి కొన్ని డజన్లే తేలాయి. వాటికి నంబరు బిళ్లలు వేసి, ఏది ఇప్పుడే కొట్టాలి, ఏది రెండేళ్ల తర్వాత మళ్లీ చూడాలి, ఏది క్షేమం అని పట్టిక రాశారు. వాటిలో అనుమతి లేకుండా కొట్టకూడదనే రక్షణ ఉత్తర్వు ఉన్నవి ఏవో కౌన్సిల్ రికార్డులో చూసుకున్నాం. తోటలోని చెట్లకు ఫెల్లింగ్ లైసెన్సు, అంటే చెట్లు కొట్టే అనుమతి, నుంచి మినహాయింపు ఉంది, కానీ ఏది తోట, ఏది అడవి అన్న గీత ఇలాంటి చోట మసకగా ఉంటుంది. అందుకే అడవి అంచున ఉన్నవాటికి ప్రమాద నివారణ కోసమే కొడుతున్నట్టు నిపుణుడి నివేదిక, ఫొటోలు ముందే దగ్గర పెట్టుకున్నాం. పక్షులు గూళ్లు కట్టే కాలం దాటి, గబ్బిలాల నివాసాలు లేవని చూసుకుని, సెప్టెంబరు తర్వాత కోత మొదలైంది.

ఈ నివేదికలో డాక్టరుగారు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. చెట్లను పద్ధతిగా పరీక్ష చేయించి, చెప్పిన పని చేయించిన రికార్డు ఉన్న యజమాని, చెట్టు పడినా తన జాగ్రత్త తను తీసుకున్నానని చూపించగలడు. రాబోయే ఐదేళ్లకు ఏ ఏడాది ఏం పని, సుమారుగా ఎంత ఖర్చు అన్నది ఒక్క పేజీలో రాయించాం. నా దృష్టిలో ఈ ఇల్లు అమ్మింది ఆ పేజీయే.

పాంటికమ్ తీసేయడానికి ఇంటావిడ మొదట ససేమిరా అన్నారు. భర్తతో కలిసి ప్రతి మేలో ఆ పూలు చూసేవారట. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. పడకగది కిటికీ ఎదురుగా ఉన్న గుట్టను అలాగే వదిలేద్దామని, పాత బాట మూసుకుపోయిన చోట మాత్రమే కొట్టిద్దామని అనుకున్నాం. కొట్టాక లోపల దాగిన పాత హిమాలయ రోడోడెండ్రాన్లు కొన్ని బతికే బయటపడ్డాయి. బాట మళ్లీ ఒక చుట్టు పూర్తయింది. ఆవిడ చేతికర్ర పట్టుకుని ఆ చుట్టంతా నడిచి వచ్చారు.

నవంబరులో మళ్లీ అమ్మకానికి

పూల కాలం కోసం ఆగుదామన్నారు కొందరు. నేను ఆకురాలు కాలమే కావాలన్నాను. ఆకులు లేనప్పుడు చెట్ల మధ్య ఎంత వెలుతురు వస్తుందో, నేల ఎక్కడ చెమ్మగిల్లుతుందో, కాలిబాట ఇంటికి ఎంత దూరమో స్పష్టంగా కనపడుతుంది. అప్పుడు చూసి ఇష్టపడ్డవాడు జనవరిలో మనసు మార్చుకోడు. కొత్త బ్రోచరు ప్లానులో కాలిబాటను గీత గీసి చూపించాం. ఫోన్లు తగ్గాయి, అది నేను కోరుకున్నదే. వచ్చినవాళ్లను ముందు ఇంట్లోకి కాకుండా, తోట చుట్టూ తిప్పి ఆ తర్వాత ఇంట్లోకి తీసుకెళ్లాం. చలిలో ఆ చుట్టు తిరగడానికి ఇష్టపడనివాళ్లకు ఈ ఇల్లు నప్పదు.

ధర పదహారు లక్షలని పెట్టాం, అంటే చివరి ధర కన్నా లక్ష ఎక్కువ. పాత ధరలు ఎవరైనా వెతికి తెలుసుకోగలరు కాబట్టి ఎందుకు పెంచామో దాచలేదు. చేయించిన పనుల జాబితా, రసీదులు, అనుమతి పత్రం, చెట్ల నివేదిక, ప్లాంటు కాగితాలు, మట్టిబాట మీద హక్కు తెలిపే పాత దస్తావేజు అన్నీ ఒక ఫైలుగా కట్టి, ఆఫర్ ఇవ్వకముందే అడిగినవాళ్లకు ఇచ్చాం.

కొన్నది ఒక నడివయసు జంట, అడిగిన ధరకే. ఇద్దరిలో ఒకరికి చెట్ల పెంపకం మీద ఆసక్తి. వాళ్ల సర్వేయరు రిపోర్టులోనూ "మరింత పరిశీలన" అన్న మాటలు వచ్చాయి, కానీ ఎక్కువ చోట్ల ఆ పరిశీలన కాగితం అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. కొత్తగా అడిగిందల్లా మట్టిబాట మరమ్మతు ఖర్చులో రైతు వాటా ఎంత అని. పాత దస్తావేజులో అది స్పష్టంగా లేదు. రైతుతో కూర్చుని చిన్న ఒప్పందం రాయించాం. వసంతం రాకముందే కాంట్రాక్టులు చేతులు మారాయి.

పనులన్నిటికీ అయిన ఖర్చు పోను ఇంటావిడకు మిగిలింది, పదిహేను లక్షలకు అమ్మి ఉంటే వచ్చేదానికన్నా కాస్తే ఎక్కువ. ఇది పెద్ద లాభం కథ అని ఎవరికీ చెప్పను. పదిహేను లక్షల దగ్గర బేరమే నిలబడలేదన్నది గుర్తుంచుకోవాలి.

అప్పటి నుంచి ఇలాంటి ఇల్లు చూడ్డానికి వెళ్తే నా మొదటి ప్రశ్నలు గదుల గురించి ఉండవు. మురుగునీళ్లు ఎక్కడికి పోతాయి, దారి ఎవరి భూమి మీద ఉంది, చెట్లను చివరిసారి ఎవరు పరీక్షించారు, లిస్టింగ్ తర్వాత ఏమేం మారాయి, వాటి కాగితాలున్నాయా అని అడుగుతాను. బ్రిటన్‌లో ఇలాంటి ఇల్లు కొనాలని చూస్తున్న మనవాళ్లకు కూడా ఇదే చెబుతాను. ఆఫర్ ఇచ్చేముందే ఇవి అడగండి. జవాబు లేకపోతే ధర తగ్గించమనకండి, ఆ జవాబు అమ్మేవాళ్ల ఖర్చుతో తెప్పించమనండి. డాక్టరుగారికీ ఈ మాటే చెప్పాను. ఆయన ఇప్పుడు కెంట్ వైపు మరో ఇల్లు చూస్తున్నారు, చెట్ల నివేదిక చేతికొచ్చాకే ఆఫర్ ఇస్తానంటున్నారు.